ఎర్ర చుక్కల కార్డు

ఆ వానాకాలం మా ఇంటిని ఏలింది నేనూ కాదు, మా అత్తగారూ కాదు, ఒక అట్టముక్క. అరచేతికన్నా కాస్త పెద్దది. దాని మీద పదహారు వరసలు, వరసకి ఏడు గళ్ళు. వారానికొక క్యాప్సూల్ మింగి ఆదివారం గడిలో టిక్కు పెట్టాలి. నెలసరి వచ్చిన ప్రతి రోజూ ఆ రోజు గడిలో ఎర్ర చుక్క పెట్టాలి. అంతే. అబద్ధమాడటానికి అంతకన్నా సులువైన వస్తువు నాకు మళ్ళీ దొరకలేదు.

నేనూ మా ఆడపడుచూ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేస్తాం. నేల కింద రెండంతస్తులు దిగితే వస్తుంది మా లాండ్రీ. కిటికీ అన్నది లేదు. మేం దిగేటప్పటికి ఎండ ఇంకా రాదు, ఎక్కేటప్పటికి వెళ్ళిపోయి ఉంటుంది. పైన వాన పడుతోందో లేదో కిందికొచ్చే తువ్వాళ్ళ బరువును బట్టి చెప్పేవాళ్ళం. నాది మరకల బల్ల. టీ మరకకి ఏం వెయ్యాలో, లిప్‌స్టిక్‌కి ఏం వెయ్యాలో, నెత్తురికి చన్నీళ్ళు తప్ప వేడినీళ్ళు ఎందుకు తగలకూడదో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా సూపర్‌వైజరు బట్టల సంగతేమో గానీ రోజూ పొద్దున్నే మమ్మల్ని మాత్రం శుభ్రంగా ఉతికి ఆరేసేది.

ఆడపడుచుది మడత బల్ల. దాన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇంట్లో లేరు. చిన్నప్పుడు వసపిట్టలా వాగేదని పిట్ట అన్నారట. ఇరవై ఆరేళ్ళొచ్చినా పిట్టే. ఉతికే యంత్రాలు పన్నెండూ ఒక్కసారి తిరుగుతున్నా ఆ హోరు మీద నుంచి దాని గొంతు నా బల్ల దాకా వినపడేది.

నాకూ దానికీ ఒకటే జబ్బు. అండాశయాల్లో చిన్న చిన్న నీటిబుడగలు, గడ్డం కింద మొండి వెంట్రుకలు, నెలల తరబడి పత్తా లేని నెలసరి. డాక్టర్లు దాన్ని పీసీఓఎస్ అంటారు. పిట్ట మాత్రం దాన్ని మన ఇంటిపేరు అనేది.

"రక్తం కలవకపోయినా రోగం కలిసింది చూడు వదినా. మా అన్నయ్య ఎంత ఏరికోరి తెచ్చాడో నిన్ను," అని నవ్వేది.

నాకు పెళ్ళయి అప్పటికి ఐదేళ్ళు. పిల్లల్లేరు. అత్తగారు చెడ్డమనిషి కాదు. ఈ విషయంలో నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ప్రాణం మీదికొచ్చేది. నా మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా, టీ గ్లాసు ముందు పెట్టి వెళ్ళిపోయేది. నెల తప్పాలని ఎదురుచూడటానికి ముందు నెల అంటూ రావాలి కదా. నాకదే గగనమైపోయింది.

పిట్టకి ఇంకా పెళ్ళి కాలేదు. మా లాండ్రీ వ్యాన్ డ్రైవరూ అదీ వానలు తగ్గాక రిజిస్టరు చేసుకుందామనుకున్నారు. చిరుగు పట్టిందని హోటలు వాళ్ళు పక్కన పడేసిన బట్టల్లోంచి ఒక ఉయ్యాల దుప్పటి, పసుపుపచ్చ అంచుది, సూపర్‌వైజరుని బతిమాలి ఇంటికి తెచ్చుకుంది.

"ముందు మొగుణ్ణి రానియ్యవే," అన్నాను.

"వాడు ఎలాగూ వస్తాడు. ఇలాంటి అంచు మళ్ళీ దొరుకుతుందా?" అంది.

మొదటి వానలకి లిఫ్టు గుంతలో నీళ్ళు చేరిన వారం ఒక నర్సమ్మ బ్యాగు చంకన పెట్టుకుని మా మెట్లు దిగింది. ఆసుపత్రి వాళ్ళు ఏదో పరిశోధనకని ఎండ మొహం చూడని పనులు చేసే ఆడవాళ్ళ కోసం వెతుకుతున్నారట. ఒంట్లో డి విటమిన్ తక్కువ కావడానికీ మా జబ్బులో నెలసరి తప్పడానికీ ఏమైనా సంబంధముందా, ఆ విటమిన్ ఇస్తే కుదురుకుంటుందా అని చూస్తున్నారట.

"సగం మంది సీసాల్లో విటమిన్ ఉంటుంది. సగం మందివాటిలో ఉత్త నూనె. ఎవరికేది వెళ్ళిందో నాక్కూడా తెలీదు," అంది నర్సమ్మ.

"నూనె వచ్చినవాళ్ళ గతేంటి మరి?" అంది పిట్ట.

"వాళ్ళుంటేనే కదమ్మా తేడా తెలిసేది."

రక్తాలు తీశారు, స్కానింగ్ చేశారు. నన్ను తీసుకున్నారు, పిట్టని తీసుకోలేదు. అది రెండేళ్ళ నుంచీ డాక్టరు రాసిన హార్మోన్ మాత్రలు వాడుతోంది. నెలకి పదిరోజులు వేసుకుంటే, ఆపిన తరవాత నెలసరి వస్తుంది. అంతకుముందు ఒకసారి తొమ్మిది నెలలు రాకపోయినా ఊరుకున్నందుకు డాక్టరమ్మ కేకలేసింది. నెలనెలా పోవాల్సిన లోపలి పొర పోకుండా మందం కడితే ప్రమాదమని చెప్పింది. చెప్పినా, ఆ మాత్రలంటే పిట్టకి ఒళ్ళుమంట. అవి వేసుకున్న పదిరోజులూ కడుపులో తిప్పుడు, తలపోటు, అయినదానికీ కానిదానికీ ఏడుపు. "ఆ మాత్రలు వాడేవాళ్ళని కలిపితే ఏది దేనివల్ల వచ్చిందో మాకు తెలీదమ్మా," అంది నర్సమ్మ. నేను అవి పడక ఎప్పుడో మానేశాను కాబట్టి పనికొచ్చాను. జీవితంలో ఒక పరీక్షలో నెగ్గినట్టు పొంగిపోయాను కూడా.

నర్సమ్మ సీసా, కార్డు, ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టింది. "వస్తే చుక్క పెట్టండి, రాకపోతే ఖాళీగా వదిలెయ్యండి. రెండూ మాకు పనికొచ్చేవే. మూడు నెలలు దాటినా రాకపోతే మాత్రం దాచొద్దు, వెంటనే చెప్పండి. మందిచ్చి తెప్పిస్తారు."

రెండూ పనికొచ్చేవే అన్న మాట నా చెవికెక్కలేదు. ఖాళీ గళ్ళు ఎవరికి పనికొస్తాయి?

కార్డుని వంటింటి అలమర తలుపు లోపలివైపు అతికించాను. అది నేను చేసిన మొదటి తప్పు. ఉప్పు కావాలన్నా, టీ పొడి కావాలన్నా ఆ తలుపు తియ్యాల్సిందే. తీసిన ప్రతివాళ్ళూ నా ఒంటి సంగతి చూసి మూసేవాళ్ళు. లిఫ్టులు బాగుచేసే మా ఆయన కూడా, యంత్రం మీటరు చూసినట్టు, టీ కలుపుకుంటూ దానివంక చూసేవాడు. నాలుగు వారాలు గడిచాయి. నాలుగు టిక్కులు, ఇరవై నాలుగు ఖాళీ గళ్ళు. పిట్ట కళ్ళల్లో వత్తులు వేసుకుని నాకన్నా ఎక్కువ ఎదురుచూసింది.

ఐదో వారం మధ్యలో, పని నుంచి వచ్చి బట్టలు మార్చుకుంటుంటే కనపడింది. గోరంత మరక. మరకలు చూసి బతికేదాన్ని కదా, ఎర్రదో గోధుమరంగుదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. "పిట్టా!" అని ఒక్క అరుపు అరిచాను. అది పరిగెత్తుకొచ్చి, చూసి, చేతిలో ఉన్న బకెట్టుతోనే నా చుట్టూ తిరిగింది. అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి విషయం వింది. నా తలమీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది. ఆ చేతికి ఉల్లిపాయ వాసన. ఐదేళ్ళలో ఆ ఇల్లు నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి. చుక్క పెట్టేటప్పుడు మా ఆయనతో సహా ముగ్గురూ నా వెనక నిలబడ్డారు.

మర్నాడు ఏమీ లేదు. పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు అలమర తలుపు తీసి, ఎర్ర పెన్ను చేత్తో పట్టుకుని ఉంది.

"ఇవాళ్టిది పెట్టావా అమ్మాయ్?" అంది.

లేదత్తయ్యా, అది ఒక్క మరకే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ మొహం చూశాను. పెన్ను తీసుకుని చుక్క పెట్టాను. ఆ తరవాత ఇంకో మూడు రోజులు పెట్టాను. అబద్ధమని నాకు తెలుసు. ఎవరికి నష్టం అనుకున్నాను. విటమినో నూనెనో, రేపో మాపో నిజంగానే రాదా, అప్పుడు ఈ నాలుగు చుక్కలూ అందులో కలిసిపోవా అనుకున్నాను.

అబద్ధానికి పోషణ ఎక్కువ. సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకి మళ్ళీ రావాలి కదా! రాలేదు. తెప్పించాను. ప్యాడ్లు తెరిచి, తడిపి, చుట్టి, కాగితంలో పెట్టి చెత్తబుట్టలో వేశాను. నడుం పట్టుకుని కూర్చున్నాను. ఆ ఐదు రోజులూ ఆయన్ని దూరం పెట్టాను. ముగ్గురిలో ఆయన్ని నమ్మించడమే తేలిక, పాపం. అత్తగారు నాకు పాలు కాచి ఇచ్చింది. ఆ పాలు చివరి చుక్క దాకా తాగాను. ఇంట్లో మాటలు పెరిగాయి. ఆవిడ తన పురుళ్ళ కబుర్లు నాతో చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు నా దగ్గర ఆ ఊసే ఎత్తేది కాదు. వాటికోసమైనా నేను అబద్ధాన్ని మొయ్యగలననిపించింది.

పిట్ట మందుల షాపుకెళ్ళి డి విటమిన్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చుకుంది. నర్సమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు మెట్ల దగ్గర పట్టుకుంది.

"సిస్టర్, ఇది వేసుకుంటున్నా. ఆ పాడు మాత్రలు మానెయ్యనా?"

"వద్దు. అవి మానకూడదు. విటమిన్‌తో నెలసరి కుదురుతుందో లేదో మాకే తెలీదు, అది తేల్చుకోడానికే కదా ఈ తిప్పలన్నీ. మానాలంటే ముందు మీ డాక్టర్ని అడగండి."

పిట్ట తలూపింది. నర్సమ్మ అటు తిరగ్గానే నావైపు చూసి కన్ను కొట్టింది. నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నా మొహం నాకే చూపించుకోబుద్ధి కాదు.

ఆ మర్నాడో ఎప్పుడో, వాన పట్టు విడవలేదు, డ్రయ్యర్లు ఒకదాని తరవాత ఒకటి మొరాయిస్తున్నాయి. పెద్ద మంచాల దుప్పట్లు గుట్టలు పడ్డాయి. వాటిని యంత్రం మడవదు, ఇద్దరు మనుషులు కావాలి. నా బల్ల ఖాళీ చేసుకుని పిట్టకి జోడీగా వెళ్ళాను. చెరో చివరా పట్టుకుని, బిగలాగి, మధ్యకి మడిచి, ఒకరికొకరు ఎదురు నడవాలి. ఎనిమిది అడుగులు. దగ్గరికొచ్చాక అది నా వేళ్ళలోంచి అంచులు అందుకోవాలి, నేను వంగి కింది మడత అందుకోవాలి. మళ్ళీ వెనక్కి. పిట్టకి అది ఆట. ఎదురొచ్చిన ప్రతిసారీ ఒక కబురు చెప్పేది. వ్యాన్ డ్రైవరు మీసం తీసేశాడట, మూతి కడిగిన గిన్నెలా ఉందట.

తరవాతి దుప్పటికి ఎదురొచ్చి అంది. "వదినా, నేనూ మానేశా."

"ఏంటి?"

"మాత్రలు. ఈ నెలవి మొదలుపెట్టలేదు. అన్నీ బాత్రూంలో పారేశా."

"నర్సమ్మ వద్దంది కదా."

"నర్సమ్మకి తెలీదని నర్సమ్మే చెప్పింది. నాకు తెలుసు కదా. నిన్ను రోజూ చూస్తున్నా. ఇరవై ఎనిమిదంటే ఇరవై ఎనిమిది. ఎక్కడ నువ్వు, ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప!" నా వేళ్ళలోంచి అంచులు తీసుకుంది. "నీకు కుదిరితే నాకెందుకు కుదరదు? మనది ఒకటే ఇంటిపేరు."

నేను వంగి కింది మడత అందుకున్నాను. దుప్పటి ఇంకా వేడిగా ఉంది. బిగలాగాం. మడిచాం. గుట్ట మీద వేశాను.

"డాక్టరుని ఒకసారి అడగరాదూ," అన్నాను.

"చూద్దాంలే," అంది. ఇంకో దుప్పటి అందుకుంది.

అంతే. ఆ రోజు మేం కలిసి మడిచినవి నలభై పైనే ఉంటాయి. నలభైసార్లు ఎదురెదురుగా వచ్చాం. నలభైసార్లలో ఒక్కసారి, పిట్టా నాకు రావడం లేదే అని ఉంటే సరిపోయేది. అంతకన్నా నేను చెయ్యాల్సింది ఏమీ లేదు. అనలేదు. ఆ పాలగ్లాసు, తలమీద ఆ చెయ్యి పోతాయని భయమేసింది. పిట్ట ఏమవుతుందన్న భయం దానికన్నా చిన్నదైపోయింది నాకు. దీన్ని ఇంతకన్నా మెత్తగా చెప్పే దారి లేదు.

సబ్బుపొడి పెట్టె అట్ట కత్తిరించి పిట్ట తనకూ ఒక కార్డు చేసుకుంది. గళ్ళు గీసి నా కార్డు పక్కనే అతికించింది. నేను పదమూడో వారం మళ్ళీ అబద్ధపు చుక్కలు పెట్టాను. అప్పటికి చెయ్యి తిరిగింది. మొదటి రోజు చిన్న చుక్క, రెండో రోజు పెద్దది, చివర్లో మళ్ళీ చిన్నది పెట్టేదాన్ని.

పద్నాలుగో వారం పిట్టకి వచ్చింది.

"వచ్చింది! మాత్ర ముట్టకుండా వచ్చింది!" అని ఇల్లెగరగొట్టేసింది. అత్తగారి బుగ్గలు పట్టుకుని పిండింది. నేనూ దాన్ని కావలించుకున్నాను. నిజం చెప్పొద్దూ, గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అంటే విటమిన్ పనిచేసిందన్నమాట, నా అబద్ధం దాని పాలిట మంచే అయిందన్నమాట అనుకున్నాను. దాని కార్డు మీద చుక్కలు ఎర్రగా, లావుగా, ధైర్యంగా ఉండేవి. ఐదు, ఆరు, ఏడు. పది దాటాయి.

"ఇంకా తగ్గలేదా?" అన్నాను.

"ఇన్నాళ్ళు రాలేదు కదా, అంతా ఒకేసారి వదిలిపోతోంది. మంచిదేలే," అంది. గడ్డలు పడుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. రెండేసి ప్యాడ్లు పెట్టుకుని పనికొచ్చేది. పెదాలు తెల్లబడ్డాయి. మెట్లెక్కుతూ మధ్యలో గోడకి ఆనుకునేది. వాగుడు తగ్గింది. దాన్ని చూసి, డాక్టరు దగ్గరికి పద అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాల్సింది నేనే. వెళ్తే డాక్టరు మాత్రలెందుకు మానావని అడుగుతుంది. ఎందుకు మానిందో అది చెబుతుంది. రేపు వెళ్దాం, రేపటికి తగ్గుతుందేమో అని నేను రోజులు జరుపుకుంటూ వచ్చాను.

ఈలోగా పదహారు వారాలూ పూర్తయ్యాయి. నర్సమ్మ కార్డు తీసుకోవడానికి వచ్చింది. మరకల బల్ల మీద పెట్టి వేలితో వరసలు లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిది. మళ్ళీ ఇరవై ఎనిమిది. తలెత్తి నావంక చూసింది.

"మా ఇంట్లో గోడగడియారం కూడా ఇంత సరిగ్గా నడవదు," అంది.

నేను ఒక తువ్వాలుని రుద్దుతున్నాను. దాని మీద మరకేమీ లేదు.

"ఏమైనా చెప్పాలా అమ్మా? చెప్తే కొట్టివేసి రాసుకుంటా. ఎవరూ ఏమీ అనరు."

"ఏం లేదు సిస్టర్."

ఆవిడ కార్డు బ్యాగులో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే, నెత్తురు మొదలైన పందొమ్మిదో రోజున, పిట్ట మడత బల్ల దగ్గర పడిపోయింది. చప్పుడేమీ కాలేదు. మడిచిన దుప్పట్ల గుట్ట మీదికి వాలి, దాంతోపాటే నేలమీదికి జారింది. తెల్లదుప్పట్లు తడిసిపోయాయి. ఎవరో కేకపెట్టారు. నేను పరిగెత్తాను గానీ, పరిగెత్తేముందు నా చెయ్యి అలవాటుకొద్దీ చన్నీళ్ళ సీసా మీదికి వెళ్ళింది. వ్యాన్ డ్రైవరు దాన్ని బట్టలబండి మీద పడుకోబెట్టి పైకి తోసుకెళ్ళి తన వ్యాన్‌లోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

సీసాల మీద సీసాలు రక్తం ఎక్కించారు. లోపల పొర గీకి పరీక్షకి పంపారు. రెండు రోజులు మందులతో ఆపాలని చూశారు. ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. పరీక్ష కాగితం వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని పక్కకి పిలిచింది. అత్తగారు, మా ఆయన, నేను.

"మాత్రలు రెండేళ్ళు సరిగ్గా వాడింది. ఇప్పుడెందుకు మానేసింది?" అంది.

అత్తగారు నా భుజం మీద చెయ్యి వేసింది. "మా కోడలికి విటమిన్‌తో కుదిరిందమ్మా. నెలనెలా ఠంచనుగా వచ్చేది. అది చూసి ఇదీ..."

డాక్టరమ్మ నావంక చూసింది. నేను నేల వంక చూశాను. ఆ నేల మీద గళ్ళ బండలున్నాయి.

"పొరలో కణాలు చెడ్డాయి. ఈ రెండు మూడు నెలల్లోనే చెడ్డాయో, ముందే మొదలైందో ఎవరూ చెప్పలేరు. ఆ మాత్రలు దానికి కాపలా. కణాలు చెడటం ఒక్కటే అయితే మందులతో చూసేదాన్ని. నెత్తురు ఆగడం లేదు. గర్భసంచి తీసెయ్యకపోతే మనిషి దక్కదు," అంది.

మా ఆయన సంతకం పెట్టాడు.

ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్కమాట నాకు మిగిలింది. ముందే మొదలై ఉంటుందని కొన్ని రోజులు నన్ను నేను ఓదార్చుకుంటాను. లేదు, ఆ నలభై దుప్పట్ల రోజునే మొదలైందని మిగతా రోజులు. ఏది నిజమో తేలేది కాదు. నా సీసాలో ఉన్నది విటమినో, ఉత్త నూనెనో కూడా నాకు ఇప్పటికీ తెలీదు. అడగడానికి మొహం చెల్లలేదు.

పిట్ట ఇంటికొచ్చింది. గోడవైపు తిరిగి పడుకునేది. వ్యాన్ డ్రైవరు రోజూ వచ్చి వీధిలో నిలబడేవాడు. లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనలేదు. కొన్నాళ్ళకి రావడం మానేశాడు. అత్తగారు అలమర తలుపు మీది సబ్బుపెట్టె కార్డు పీకి పొయ్యిలో వేసింది. నాదాన్ని నర్సమ్మ పట్టుకుపోయింది కాబట్టి అక్కడ జిగురు మరక ఒక్కటే మిగిలింది.

"ఇంక ఈ ఇంటికి నువ్వే దిక్కు అమ్మాయ్," అంది అత్తగారు నాతో. "నీకైనా కుదిరింది, అదే పదివేలు."

వానలు వెనకపట్టి, మేఘాల మధ్య ఎండ కనపడటం మొదలైంది. ఒకరోజు పొద్దున నడుం లాగుతూ మెలకువ వచ్చింది. పొత్తికడుపులో ఎవరో చెయ్యిపెట్టి దేవుతున్నట్టు నొప్పి. లేచి చూసుకున్నాను. మరక కాదు. నిజంగానే వచ్చింది, ధారాళంగా. నెలల తరబడి ఏ తలుపు తీసినా దానికోసమే చూశానే, అది. సంతోషం రాలేదు. మొట్టమొదట వచ్చిన ఆలోచన, దీన్ని ఎలా దాచడమా అని. నేను గీసుకున్న లెక్క ప్రకారం ఇంకా పదకొండు రోజులుంది.

బాత్రూంలో కొళాయి తిప్పి బట్టలు నానబెట్టాను. తలుపు సరిగ్గా పడదు మా బాత్రూంకి. రుద్దుతుంటే వెనక అలికిడైంది. పిట్ట. గోడ పట్టుకుని, పొట్ట మీద ఒక చెయ్యి ఆనించుకుని నిలబడింది. బకెట్టులో ఎర్రనీళ్ళు చూసింది.

"ఇవాళ తారీకెంత వదినా?" అంది. చాలా రోజుల తరవాత దాని గొంతు విన్నాను. వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఇంకా పదకొండు రోజులుంది కదా. ముందొచ్చేసిందేం? సీసా అయిపోయాక మళ్ళీ తేడా చేసిందా?"

నేను బట్టని మళ్ళీ నీళ్ళలో ముంచాను.

"నా డబ్బాలో ఇంకా చాలా ఉన్నాయి. నువ్వు వాడుకో. నీకు పనిచేస్తాయిగా."

ఊఁ అంటే సరిపోయేది. అది వెళ్ళి ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టేది. నేను తీసుకునేదాన్ని. అదే నాకు భరించరానిదైంది.

"పిట్టా, నాకు రాలేదే."

"ఏంటి రాలేదు?"

"ఆ మొదటిరోజు మరక ఒక్కటే నిజం. మిగతా చుక్కలన్నీ నేను పెట్టుకున్నవే. ఇన్నాళ్ళకి ఇదే రావడం."

కొళాయి పారుతూనే ఉంది. అది నా మొహంలోకి చూసింది, బకెట్టులోకి చూసింది, మళ్ళీ మొహంలోకి.

"రెండోసారి?"

"రాలేదు."

"మనం పెద్ద దుప్పట్లు మడిచాం చూడు. మాత్రలు మానేశానని నీకు చెప్పాను."

"చెప్పావు."

"ఆ రోజు?"

"అప్పటికీ రాలేదు."

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. పిట్ట ముందుకు వంగి, కుట్ల దగ్గర నొప్పి పుట్టిందో ఏమో ఒక్క క్షణం ఆగి, కొళాయి కట్టేసింది.

"నీళ్ళు పోతున్నాయి," అంది. గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఎవరికీ చెప్పలేదు అది. వాళ్ళమ్మకీ చెప్పలేదు, అన్నయ్యకీ చెప్పలేదు. నేనే చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. నాకు ఇప్పుడు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రాదో దేనికీ లెక్కలేదు. అత్తగారు మాత్రం ఇంకా నా మొహంలోకి ఆశగా చూసి టీ గ్లాసు పెట్టి వెళుతుంది. నేను నిజం చెప్పిన రోజు సాయంత్రం పిట్ట కత్తెర అడిగి తీసుకుంది. పసుపుపచ్చ అంచు ఉయ్యాల దుప్పటిని నాలుగు ముక్కలు చేసి వంటింటి గట్టు మీద పెట్టింది. అత్తగారు ఏమీ అడక్కుండా ఒకటి తీసుకుని పొయ్యి తుడిచింది.

రెండు నెలలకి అది తిరిగి పనిలోకొచ్చింది. సూపర్‌వైజరు మా ఇద్దరినీ మళ్ళీ పెద్ద దుప్పట్లకి జోడీ వేసింది, మీ ఇద్దరికీ చెయ్యి బాగా కుదురుతుందని. చెరో చివరా పట్టుకుంటాం, బిగలాగుతాం, మధ్యకి మడుస్తాం. ఎనిమిది అడుగులు ఎదురు నడుస్తుంది. నా వేళ్ళలోంచి అంచులు తీసుకుంటుంది. ఎనిమిది అడుగులు వెనక్కి వెళుతుంది. యంత్రాలు పన్నెండూ తిరుగుతూ ఉంటాయి. ఆ హోరు ఇప్పుడు నాకు పొద్దస్తమానం వినపడుతుంది.